పెట్టెలో పెట్టిన ఫోను

రాజోలు బస్టాండు ఎదురుగా సింహాద్రి సెల్లు కొట్టు. మధ్యాహ్నం ముసురుపట్టి ఉంది. రీచార్జి చేయించుకుంటూ క్రిస్టీనా ఊరికే అడిగింది. "నెట్‌లో కనబడే ఫోను ఐపీ అడ్రసు, ఇంటి నంబరులాగా ఎవరిది వాళ్లదే కదండీ?"

సింహాద్రి నవ్వాడు. "అబ్బే, కాదండీ! కంపెనీవోళ్లు వేలమందికి ఒకే అడ్రసు తగిలించి బయటికి పంపుతారండి. ఇదిగో, మీకూ నాకూ ఒకటే. మీవారికి తెలీదేంటండీ, ఆయన చేసేది ఆ నెట్ కంపెనీలోనే కదా!"

క్రిస్టీనా చిల్లర తీసుకోకుండానే వానలోకి నడిచింది.

నాలుగు నెలల కిందట ఎవరో దొంగపేరుతో ఆమె మీద బూతురాతలు రాశారు. ఆ రాతలు వచ్చిన అడ్రసూ చెల్లెలు పింకీ ఫోను అడ్రసూ ఒకటేనని భర్త ప్రవీణ్ కుమార్ కాగితం చూపించాడు. సంఘపెద్దలు పింకీని చర్చిలో పాటలు పాడే క్వయర్‌లోంచి తీసేశారు. "నేను కాదక్కా... బావగారి గురించి ఒక్కమాట చెప్పనియ్యి" అని ఏడ్చిన పిల్ల మొహం మీదే క్రిస్టీనా తలుపేసింది. మర్నాడు పింకీ కాలవలో తేలింది. ఎప్పుడూ అక్క హాట్‌స్పాట్ మీదే పాటలు వినేది పాపం. ఆ పిల్ల ఫోను క్రిస్టీనాయే శవపెట్టెలో పెట్టింది.

ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. ప్రవీణ్ పడకగదిలో నిద్రపోతున్నాడు. అతని ఫోను తీసి చూసింది. ఆ దొంగపేరు ఖాతా అందులోనే ఉంది. కింద పింకీకి రాసిన ముక్క. 'నేను నీ చెయ్యి పట్టుకున్నానని మీ అక్కకి చెబితే, ఈ రాతలన్నీ నీమీదకే తోస్తాను.'

తడిగుడ్డతో గొంతు కోశాడు. ఆ గుడ్డ అందించింది తనే.

పెద్దలకు పంపడానికి తన ఫోనుతో అన్నీ ఫొటోలు తీసింది. ఇంతలో ప్రవీణ్ ఫోను ఛార్జి అయిపోయి ఆరిపోయింది. ఆమె ఫోను మీద హాట్‌స్పాట్ గుర్తు వెలిగింది. తను ఆన్ చెయ్యలేదే...

'కలిసినవారు ఒకరు. పింకీ.'

హాట్‌స్పాట్ ఈ ఇల్లు దాటి అందదు. సమాధులతోట రెండు మైళ్లు.

ఆఫ్ చేసింది. పేరు పోలేదు.

కాలవ బురద వాసన... వరండాలో తడి అడుగుల చప్పుడు... దగ్గరగా...

"పింకీ... నన్ను క్షమించవే."

అడుగులు ఆమెను దాటి పడకగదిలోకి వెళ్లాయి.

"ఎవరూ...?" లోపల ప్రవీణ్ గొంతు.

క్రిస్టీనా లేచింది. ఆ తలుపు బయటినుంచి వేసి గడియ పెట్టింది.

"క్రిస్టీనా... తలుపు తియ్యవే..."

తియ్యలేదు. కాసేపటికి లోపల చప్పుడు ఆగిపోయింది. ఫోను మళ్లీ వెలిగింది.

'కలిసినవారు ఇద్దరు. పింకీ. ప్రవీణ్ కుమార్.'

ప్రవీణ్ ఫోను ఆమె చేతిలోనే ఉంది, ఆరిపోయి.