ఎరుపు లెక్కలోకి రాదు

సూది కనబడగానే సంపత్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రోజూ బొగ్గు బాయిలోకి దిగి వచ్చే మనిషి!

"అయిపోయిందండీ, కళ్లు తెరవండి," అంది మైత్రి నవ్వాపుకుంటూ. గోదావరిఖనిలోని ఆ చిన్న ల్యాబులో రక్తం తీసేదీ, సూది వేసేదీ ఆ పిల్లే.

"అప్పుడే అయిందా? కుట్టినట్టే లేదు మేడం. ఇంకోటియ్యరాదు?"

"పానీపూరీనా ఏంటి, ఇంకోటివ్వడానికి?"

సంపత్‌ని పెంచిన బాబాయి గట్టయ్య కాకకి టీబీ అని తేలింది. కాక మందులు మింగుతున్నాడు. ఇంట్లో ఉన్నవాళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలన్నాడు డాక్టరు. అందుకే ఈ సూది.

"గీ సూదిల ఏమున్నది మేడం? టీబీ పురుగునే ఎక్కించిన్రా ఏంది?"

"పురుగు కాదండీ, దాని ఒంట్లో ఉండే ప్రొటీను. దానికి ప్రాణం లేదు. మన రక్తంలో కావలి కాసే కణాలుంటాయి. అవి ఆ క్రిమిని ఇదివరకే చూసి ఉంటే, వీడు మాకు తెలుసే అని ఇక్కడికి ఉరికొస్తాయి. అప్పుడు చెయ్యి గట్టిగా ఉబ్బుతుంది. ఎల్లుండి రండి, చూస్తాను."

"ఎల్లుండి దాక ఎట్లుండాలె మేడం?"

"ఏం?"

సంపత్ తడబడ్డాడు. "చెయ్యి గోకకుంట."

ఎల్లుండి వచ్చింది, వానతో సహా. సంపత్ చెయ్యి గుండ్రంగా ఉబ్బింది. ఇంకేముంది, కాక జబ్బు తనకీ అంటుకుందనుకున్నాడు. ల్యాబుకి పోలేదు.

సాయంత్రం మైత్రే ల్యాబు రిజిస్టరులో అడ్రసు చూసుకుని, స్కూటీ మీద తడుస్తూ సంపత్ క్వార్టర్‌కి వచ్చింది.

"రమ్మన్నానుగా? ఇంకా ఆలస్యమైతే చూసినా లాభముండదు!"

"దగ్గరికి రాకుండ్రి మేడం. నాక్కూడ వచ్చింది."

అతను ఒక్కో అడుగే వెనక్కి వేస్తుంటే ఆమె ఒక్కో అడుగే ముందుకి వేసింది. వీపుకి గోడ తగిలింది. ఇక తప్పించుకునే దారి లేదు.

చెయ్యి పట్టుకుని, చర్మం మీద బాల్‌పెన్నుతో మెల్లగా గీస్తూ వచ్చి, గట్టిగా తగిలినచోట ఆపింది. అటువైపు నుంచీ అంతే. రెండు గీతల మధ్య స్కేలు పెట్టింది.

"క్రిమి ఎప్పుడో మీ ఒంట్లోకి వచ్చింది. అంతమాత్రాన జబ్బున్నట్టు కాదు. దానికి మైనంలాంటి కోటుంటుంది. కావలి కణాలు మింగినా అరిగించుకోలేవు. అందుకని చుట్టూ చేరి దాన్ని మధ్యలో బంధించేస్తాయి."

"మా బాయిల గంతే మేడం. తవ్వి ఇడిసిపెట్టిన కాడ బొగ్గు అంటుకుంటే, గోడ కట్టి మూస్తం."

"అచ్చం అదే! గోడ బలంగా ఉన్నన్నాళ్లూ ఫర్లేదు. ఎక్స్‌రే తీయించుకోండి. బాగుంటే ముందుజాగ్రత్తకి మాత్రలిస్తారు."

సంపత్‌కి పోయిన ప్రాణం లేచి వచ్చింది. దాంతోపాటు ధైర్యం కూడా.

"అంటే ఒక్కసారి చూస్తె సాలు, ఒళ్లు మర్చిపోదన్నట్టు."

"అవును."

"మొన్న మిమ్ముల చూసినకాంచి నాది గదే కథ మేడం."

మైత్రి చేతిలో స్కేలు జారి కింద పడింది.

"మీ ముఖం ఎర్రగయింది."

"ఎరుపు లెక్కలోకి రాదు. ఉబ్బి గట్టిపడ్డదే కొలుస్తాం," అంది ఆమె, చేతిలోనే ఉన్న స్కూటీ తాళాల కోసం వెతుక్కుంటూ.

ఎక్స్‌రే శుభ్రంగా వచ్చింది. మాత్రలు మొదలయ్యాయి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా దారిలో లేకపోయినా ల్యాబు తగిలేది. వానలు తగ్గేసరికి మేడం కాస్తా మైత్రి అయింది.

మైత్రి నాన్న సత్తిబాబు కాకినాడ వైపు నుంచి వచ్చి, గోదావరిఖనిలో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాడు. సంగతి చెవిన పడగానే అట్లకాడ ఎత్తాడు.

"టీబీ కొంపకి పిల్లనిత్తానేంటే? ఆడి చెయ్యి కూడా ఉబ్బిందంట!"

"అది జబ్బు కాదు నాన్నా. ఆ క్రిమి తెలియకుండానే ఎంతోమంది ఒంట్లో ఉంటుంది. నీకు వేసినా ఉబ్బొచ్చు."

"నాకా! తుమ్మయినా తుమ్మని ఒళ్లే ఇది! ఎయ్యి సూది. ఉబ్బిందా, మీ పెళ్లి నా చేతుల్తో చేత్తాను. ఉబ్బకపోతే మళ్లీ ఆడి పేరెత్తకూడదు."

మైత్రి వేసింది. వేసేముందు ఈసారి ఆమే ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

చూసే రోజున సత్తిబాబు సంపత్‌ని కూడా టిఫిన్ సెంటర్‌కి పిలిపించాడు. చేతిమీద తువ్వాలు కప్పుకుని గంభీరంగా కూర్చున్నాడు. మైత్రి తువ్వాలు తీసింది. గీత గీసింది. స్కేలు పెట్టింది. మళ్లీ పెట్టి చూసింది.

"ఎంతే?"

"సంపత్ దానికన్నా పెద్దది నాన్నా."

పెనం మీద దోసె మాడిపోతోంది. ఎవరూ చూడలేదు.

"మీ ఒంటికి యాది మస్తుగున్నది మామా," అన్నాడు సంపత్.

"మామెవడ్రా నీకు?" అన్నాడు సత్తిబాబు. గొంతులో ఊపు లేదు. కూతురి వైపు తిరిగి, "నేను పోతానేంటమ్మా?"

"ఎక్స్‌రేకి పోతావు నాన్నా."

సంపతే బండి మీద తీసుకెళ్లాడు. సత్తిబాబు వెనక కూర్చుని అతని భుజం వదల్లేదు. ఛాతీ బాగానే ఉందన్నారు. తిరిగొస్తూ, "బండి మీ ఇంటికి పోనీ," అన్నాడు.

గట్టయ్య కాక గుమ్మంలో ఉన్నాడు. మనిషిని చూడగానే మాస్కు సర్దుకుని, అలవాటుగా పక్కకి జరిగాడు. సత్తిబాబు కుర్చీ లాగి ఆయన పక్కనే వేసుకున్నాడు.

"బావగారూ, మీ మందులెప్పటికి అయిపోతాయి?"

"దసర పోయినంక. ఎందుకు?"

"మరి పెళ్లిపీటల దగ్గర పెద్దమనిషి మీరేగా? ముహూర్తం మీకు కుదరాలి ముందు."

 మాస్కు పైన కాక కళ్లు తడిగా నవ్వాయి.

సంపత్ అప్పటికే బండి ల్యాబు దిక్కు తిప్పేశాడు.

"ఒరేయ్ అల్లుడూ!" సత్తిబాబు కేక వీధంతా వినబడింది. "నన్నిక్కడ దింపేసి పోతావేంట్రా!"