నడిచి వెళ్ళే దూరంలో బడి

ఆగస్టు మొదటి సోమవారం పొద్దున కెండ్రా పొయ్యి మీద గ్రిట్స్, అంటే మొక్కజొన్న రవ్వ జావ, కలుపుతూ ఫోన్ వంక చూస్తోంది. లేక్‌మాంట్ బడి నుంచి ఇవాళైనా కబురొస్తుందేమోనని ఆశ. బడులు తెరవడానికి ఇంక వారమే ఉంది.

ఆమె నాలుగేళ్ళ కొడుకు మైకా బల్ల కింద దూరి తన బొమ్మ లారీకి ఏదో కథ చెబుతున్నాడు. ఇంట్లో వాడి నోటికి తాళం ఉండదు. గుమ్మం దాటితే మాత్రం పలకడు. చర్చిలోనైనా, పార్కులోనైనా ఎవరు పలకరించినా తల్లి వెనక దాక్కుంటాడు. పై ఏడు కిండర్‌గార్టెన్‌కి వెళ్ళేలోగా ఒక్క ఏడాది పిల్లల మధ్య కూర్చోబెడితే భయం పోతుందని డాక్టరు చెప్పాడు. ఆ ఏడాది ఇదే. ప్రైవేటు బడికి వాళ్ళకు తాహతు లేదు.

ఊళ్ళో సర్కారు చిన్నబడులు అయిదున్నాయి, అన్నీ ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్ కిందివి. వసంతంలో వాటిని చూసి రావడం అక్కడి తల్లులకు పెళ్ళిచూపుల్లాంటిది. పిల్లను చూసినట్టే చూస్తారు, వంకలు పెట్టినట్టే పెడతారు. కెండ్రా మైకాను చంకనేసుకుని అన్నిటికీ తిరిగింది. మరుగుదొడ్డి గదిలోనే ఉందా, ఆడుకునే చోట నీడ ఉందా, టీచరు పిల్లలతో వంగి మాట్లాడుతోందా నిలబడి మాట్లాడుతోందా, అన్నీ గమనించింది. ఆదివారం చర్చి అయ్యాక కార్ల దగ్గర ఆడవాళ్ళది కూడా అదే ముచ్చట. అందరి నోటా లేక్‌మాంటే. కొత్త భవనం, పిల్లలకు చిన్న తోట.

వెనక వీధిలోని హాథార్న్ బడి పాతది. కప్పు మీద నీళ్ళ మరకలు. మైకాకు డిస్ట్రిక్ట్ ఆఫీసువాళ్ళు సీటిచ్చింది అక్కడే. కెండ్రా వద్దని చెప్పి, లేక్‌మాంట్ కోసం ఆగుతామంది. ఆ చుట్టుపక్కల చాలామంది తల్లులు అదే పని చేశారు. దూరపు కొండలు నునుపు మరి.

ఫోన్ మోగింది. లేక్‌మాంట్‌లో ఖాళీల్లేవట, ఇక ఎదురుచూడొద్దట.

కెండ్రా పొయ్యి ఆపేసి అలాగే నిలబడిపోయింది. అత్తగారు ఎర్లీన్ కాఫీ కప్పు దించి, రెంటికీ చెడ్డ రేవడి అయ్యాం కదా, ఇక తీరిగ్గా కూర్చుని ఇంకో ఏడాది బడులు పోల్చుకుందామని దెప్పింది. మీరు కాసేపు ఊరుకోండి మిస్ ఎర్లీన్ అని, అక్కడి కోడళ్ళ మర్యాదలో, కెండ్రా బతిమాలింది.

కెండ్రా భర్త వెండెల్ సిటీ బస్సు నడుపుతాడు. డ్యూటీకి బయల్దేరుతున్నవాడు ఆగాడు.

"హాథార్న్ నేను చదివిన బడి. నా చెల్లెళ్ళు చదివిన బడి. నీకేమో అందులో అడుగు పెట్టాలంటేనే చిన్నతనం."

"నీ చిన్నప్పటి సంగతి కాదు వెండెల్, నేను మాట్లాడేది వాడి గురించి."

"కాదులే. నువ్వు బడుల్ని చూడలా. మమ్మల్ని చూసి వంకలు పెట్టావు."

కెండ్రాకు ఒళ్ళు మండింది. "అవును. అక్కడ చదివి నువ్వేమయ్యావో రోజూ చూస్తున్నాగా. అందుకే వద్దన్నాను."

అనేశాక నోరు కరుచుకుంది గానీ మాట వెనక్కి రాదు. వెండెల్ టోపీ తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఎర్లీన్ దెప్పడం మానేసింది. పోయి హాథార్న్‌లో అడుగు పిల్లా, సిగ్గుపడితే వాడి ఏడాది పోతుందని మెల్లిగా అంది.

కెండ్రా మైకా చెయ్యి పట్టుకుని నడిచింది. వెండెల్ కూడా డ్యూటీకి ఆలస్యమవుతుందని డిపోకు ఫోన్ చేసి చెప్పి వెనకే వచ్చాడు.

చిన్నపిల్లల గదిలో మిస్ ప్రూయిట్ అనే టీచరు చెక్క దిమ్మలు పెట్టెల్లో సర్దుతోంది. కెండ్రా తలొంచుకుని, తప్పయిపోయిందని, పాత సీటు మళ్ళీ ఇప్పించమని అడిగింది. సీట్లకేం తక్కువ లేదు, పిల్లలే లేరు అని ఆమె నిట్టూర్చింది. ఒప్పుకున్నవాళ్ళు మరీ కొద్దిమంది కావడంతో శుక్రవారం ఆఫీసువాళ్ళు ఈ గది మూసేశారు. ఒప్పుకున్న పిల్లల్ని మిగతా బడుల్లో సర్దేశారు, అక్కడా ఇక చోటు లేదు. మిస్ ప్రూయిట్‌ను ఊరి అవతలి బడికి పెద్దపిల్లల క్లాసుకు వేశారు. ఇంకో ఇద్దరు తల్లులు ఊ అని ఉంటే గది నిలిచేదట.

ఆ ఇద్దరిలో తనొకతి. కెండ్రా చిన్నపిల్లల కుర్చీలో కూలబడింది.

"వీడు మైకా కదూ?" అంది మిస్ ప్రూయిట్. "మీరు బడి చూడ్డానికి వచ్చినరోజు నన్ను వదల్లేదు. వాళ్ళ నానమ్మ పళ్ళు గ్లాసులో నిద్రపోతాయని ఒకటే చెప్పడం."

"వీడా? మీతో మాట్లాడాడా?"

"మాట్లాడకేం. మీరప్పుడు కప్పు వంక చూస్తున్నారు."

కెండ్రా రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. వాడు బయటివాళ్ళతో ఆడే ఏ మాట కోసం ఇన్నాళ్ళూ ఎదురుచూసిందో అది తన వెనకే పలికింది, తను వినలేదు. వెండెల్ ఆమె పక్కన నేల మీద కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

"పొద్దున అన్న మాట..." అని మొదలుపెట్టింది.

"పోనీలే. ఆ రోజు నన్నూ రమ్మన్నావు. నేనే రాలేదు. వచ్చుంటే వినేవాణ్ణేమో."

మైకా ఈ లోపల పెట్టె దగ్గరికి పోయి టీచరుకు ఒక్కో దిమ్మా అందిస్తున్నాడు. పెట్టె నిండాక తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"రేపు కూడా రానా?" అన్నాడు, గది అంతా వినబడేలా.

మిస్ ప్రూయిట్ తల్లిదండ్రుల వంక చూసి, వాడి ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. "రేపు ఇక్కడ ఎవరూ ఉండరు, బంగారం."

వాడు సరేనన్నట్టు తలూపాడు. తరువాత ఆమె ఎంత పలకరించినా నోరు విప్పలేదు.