టాకీసు గోడ దగ్గర ఆడగొంతు

ఒట్టన్‌చత్రం దాటి ధారాపురం పోయే దారిలో కప్పు లేని టాకీసు ఒకటి ఉంది. మూడు మొండి గోడలు, తెర ఉండే చోట ఒక ఎత్తైన గోడ... అంతే మిగిలింది. పగలు చూస్తే మేకలు కట్టేసుకోవడానికి కూడా పనికిరాదు. చీకటి పడితే మాత్రం ఆ చోటుకున్న చెడ్డపేరు అంతా ఇంతా కాదు.

లారీవాళ్లు అక్కడ హారన్ కొట్టరు. బస్సువాళ్లు అక్కడ ఎవరు చెయ్యెత్తినా ఆపరు. మార్గళి నెలలో, అంటే మన ధనుర్మాసంలో, తెల్లవారే ముందు మంచు దిగినప్పుడు, ఆ గోడ దగ్గర నుంచి ఒక ఆడగొంతు పిలుస్తుందట. పిలిచేది తెలుగులో.

చుట్టుపక్కల తమిళవాళ్లు ఆమెను వడుగచ్చి అంటారు. అంటే తెలుగు ఆడమనిషి — మనదే! టాకీసు ఆడే రోజుల్లో ఇంటర్వెల్లో మురుకులు అమ్మేదట. ఒక మార్గళి రాత్రి, సెకండ్ షో వదిలిన జనంలో ఆమె పిల్లవాడు తప్పిపోయాడు. మంచులో ఏమీ కనబడక, వచ్చే పోయే బండినల్లా ఆపి అడగబోయింది. ఒక లారీ ఆగలేదు... ఆమె అక్కడికక్కడే పోయింది. పిల్లవాడు దొరికాడని కొందరంటారు, లేదని కొందరు. ఆమె ఇప్పటికీ బండ్లు ఆపుతూనే ఉందని మాత్రం అందరూ అంటారు.

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పాలి. ఈ తమిళగడ్డ మీద పీలమేడులో పుట్టి, తమిళంలో చదువుకుని, ఇంట్లో మాత్రం తెలుగు మాట్లాడే జనం మేము. బజార్లో ఒక తెలుగు ముక్క చెవిన పడితే చాలు, "మీరు మనవాళ్లా?" అని ఎగబడతాం. ఆ పలకరింపు పెళ్లి సంబంధం దాకా పోయిన ఇళ్లు నాకు తెలుసు. అలాంటి మేము తెలుగు వినబడగానే కారు అద్దం ఎత్తేసే చోటు లోకంలో అదొక్కటే.

ఈ కథ నేను చూసింది కాదు, మా చెల్లెలు కళైసెల్వి చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. అందుకే అబద్ధమని కొట్టిపారేయలేకపోతున్నాను.

దాని మొగుడు సెంథిల్‌కుమార్‌కి పాత సినిమాల పిచ్చి. మార్గళి చలికి ఊరంతా దుప్పటి ముసుగేస్తే ఈయన కారు తాళాలు వెతుకుతాడు. ఎక్కడో మూతపడబోయే టాకీసులో పాత సినిమా వేస్తున్నారని తెలిస్తే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని పోవాల్సిందే. నేనూ ఒకసారి పోయాను. ఏం సినిమానో గుర్తులేదు. దారిలో తాగిన టీ, ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో రాసుకున్న పేర్లు, వెనక సీట్లో కళైసెల్వి అత్తగారు అంజలమ్మ మొహమాటం లేకుండా పాడిన పాత పాటలు — అవి మాత్రం బాగా గుర్తున్నాయి. చలికాలం ప్రయాణమంత సుఖం ఇంకోటి లేదనుకునేదాన్ని అప్పుడు. ఇప్పుడు అనుకోలేను.

ఆ మార్గళిలో మదురైలో ఒక పాత టాకీసు మూసేస్తున్నారంటే కడసారి ఆట చూడ్డానికి పోయారు. కారులో సెంథిల్, కళైసెల్వి, అంజలమ్మ. సెంథిల్ తమ్ముడు జీవ మాత్రం మోటారు సైకిలు మీద. కారులో కూర్చుంటే ఊరు పోయినట్టే ఉండదట వాడికి. అంజలమ్మకి కడగొట్టు బిడ్డ... ఆమె ప్రాణమంతా వాడి మీదే.

సినిమా చూసి, చుట్టాలింట్లో కాసేపు కునుకు తీసి, ఇంకా చీకటి ఉండగానే తిరుగు ప్రయాణమయ్యారు. దిండిగల్ దాటి చాలాసేపు జీవ బండి ఎర్ర లైటు ముందర కనబడుతూనే ఉంది. ఒట్టన్‌చత్రం దాటాక మంచు దిగింది. లైటు మసకబారింది... ఇంకొంచెం మసకబారింది... తర్వాత లేదు.

కళైసెల్వి ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు.

"బండి తోలేటప్పుడు ఎప్పుడన్నా ఎత్తినాడా వాడు?" అన్నాడు సెంథిల్. "ధారాపురం టీ కొట్టుకాడ నిలుస్తానన్నాడు. ఆడ ఉంటాడు, విడు."

అయినా సెంథిల్ కాలు ఆక్సిలేటరు మీద ఆనడం లేదు. రోడ్డు వెడల్పు చేస్తున్నారని ఎక్కడికక్కడ తవ్వి పెట్టారు. ముందర రోడ్డుందో గుంత ఉందో తెలియదు. ఎదురొచ్చే బండి చప్పుడైనా వినబడుతుందని అద్దం దించాడు.

అప్పుడు పిలిచింది.

"నాయనా... నిలు నాయనా..."

సెంథిల్ కాలు బ్రేకు మీద పడింది. మంచులో ఎడమ పక్కన, గోడలాంటిది ఏదో నల్లగా...

అంజలమ్మ వెనకనుంచి కొడుకు భుజం పట్టుకుంది. "పలకొద్దురా..." అంది గుసగుసగా. "మూడో పిలుపు దాకా పలకొద్దు."

మా ఇళ్లల్లో ఉగ్గుపాలతో పోసేది ఇదే. చీకట్లో ఎవరో తెలియని గొంతు పిలిస్తే మూడోసారికే పలకాలి. మనిషైతే మూడోసారి పిలుస్తుంది. పేయికి, అంటే దయ్యానికి, రెండు పిలుపులే. మా ఇంటి తలుపు తట్టడం కన్నా గోడ దూకడం మేలని పక్కింటివాళ్లు ఎగతాళి చేస్తుంటారు. చేస్తే చేయనీ, మేం మాత్రం మానం.

ముగ్గురూ దించిన అద్దం వైపు చెవి పెట్టారు.

"నిలు నాయనా... బిడ్డ... చలికి..."

ఈసారి దగ్గరగా వినబడింది. అచ్చం మన ఇంటి తెలుగు. కళైసెల్వి ఉండబట్టలేకపోయింది.

"అత్తా... జీవ ఈ దారినే గదా పోయినాడు. దిగి చూస్తామా?"

"నా బిడ్డ గొంతు నాకు తెలీదా? అది ఆడగొంతు. దాని బిడ్డనే దా అది వెతికేది. కదలొద్దు."

మూడో పిలుపు కోసం చూశారు. ఇంజను గురగురలాడుతోంది. చెట్టు మీద నుంచి మంచు నీళ్లు కారు మీద టప్... టప్... మని పడుతున్నాయి. కళైసెల్వి తన చీర కొంగును నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంతసేపు చూశారో ఎవరికీ తెలియదు.

పిలుపు రాలేదు.

సెంథిల్ గేరు వేశాడు.

ధారాపురం టీ కొట్టు దగ్గర జీవ లేడు. కొట్టువాణ్ణి అడిగితే ఎన్నో బండ్లు పోయాయి, ఎవర్నని చూసేది అన్నాడు. ముందే ఇల్లు చేరి ఉంటాడని పీలమేడు దాకా వచ్చారు. ఇంటికి వేసిన తాళం వేసినట్టే ఉంది. ఫోన్ ఇప్పుడు మోగడం కూడా లేదు. అంజలమ్మ కారు దిగనంది. "తిప్పురా బండి" అంది.

సగం దారిలో ఉండగా పోలీసుల ఫోన్ వచ్చింది.

టాకీసు గోడ పక్కనే కాలవ కోసం తవ్విన గుంతలో పడి ఉన్నాడు జీవ. పొద్దెక్కాక మేకలు తోలుకొచ్చిన ఒక ముసలామె చూసి కేకలు పెట్టిందట. బండి కింద కాలు నలిగిపోయింది. దవడ విరిగింది. దిండిగల్ పెద్దాసుపత్రికి వీళ్లు చేరేసరికి లోపలికి తీసుకుపోయారు. సాయంత్రం డాక్టరు బయటికొచ్చి, ప్రాణానికి భయం లేదు, కాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది అన్నాడు. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే... అంటూ ఆగిపోయాడు. ఆ ఆగిపోవడమే చాలు.

కళైసెల్వి ఒక్క మాట అడిగింది. "డాక్టర్, వీడు గట్టిగా పిలిచి ఉంటాడా?"

"ఆ దవడతోనా? మూలిగి ఉంటే అదే ఎక్కువమ్మా."

జీవ నోటికి తీగలు కట్టి ఉంచారు. గొట్టంతో పాలు, గంజి. వచ్చిన ప్రతి చుట్టానికీ అంజలమ్మ ఒకటే చెప్పేది — "రెండు తూర్లే దా పిలిచింది. మూడోతూరి పిలిచింటే దిగిండనా? బిడ్డ కోసరం దిగిండనా నేను? అది మళ్లా పిలవలే... పిలవలే." ఎవరూ అడక్కపోయినా చెప్పేది. రాత్రుళ్లు నిద్రలో కూడా అదే అనేది. దాని మీద ఆనుకునే ఆమె బతుకుతోందని కళైసెల్వికి అర్థమైంది. నిజమో అబద్ధమో, "అవునత్తా, పిలవలే" అనేది.

జీవ కళ్లు తెరిచి అన్నీ వింటూ పడుకునేవాడు. ఏదో చెప్పబోయేవాడు. తీగలు అడ్డం. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారేవి. నొప్పికని అందరూ అనుకున్నారు.

తీగలు తీసిన రోజు అంజలమ్మ రాగి జావ కలుపుకుని పక్కన కూర్చుంది. ఎవరో పలకరించడానికి వస్తే మళ్లీ మొదలుపెట్టింది — "మూడోతూరి పిలిచింటే..."

"అమ్మా."

నోరు సరిగా తిరగడం లేదు. మాట ముద్దగా వచ్చింది.

"ఆమెను ఏమీ అనొద్దమ్మా. గుంతలోకి దిగొచ్చి నా తల ఒళ్లో పెట్టుకొని ఉండె. చెయ్యి వెచ్చగా ఉండె."

అంజలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"మీ కారు చప్పుడు నాకూ వినబడె. ఆమె మేలికి, రోడ్డు మీదికి, పొయ్యి పిలిచి వచ్చె. పలకలేదు నాయనా అనె. మళ్లా పొయ్యి పిలిచి వచ్చె. మూడోతూరి పోతానని లేచె... నేనే దా విడవలే. ఒంటిగా ఉండేదానికి భయమేసి, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకొనేస్తినమ్మా."