ఎడమ మేజోడు

ఆ కాన్పుల వార్డు గోడలకి తర్వాత రెండుసార్లు రంగులు మారాయి. టైలరు తలుచుకున్నప్పుడు మాత్రం అవి ఇంకా ఆకుపచ్చగానే ఉంటాయి. కిటికీ అవతల వాన పడుతూనే ఉంటుంది. నర్సు అతని మీద అరుస్తూనే ఉంటుంది.

"ఈ మేజోడు కోసిందెవరు?"

అతని అక్కకి ఆపరేషన్ చేసి బిడ్డను తీసి నాలుగో రోజు. రక్తం గడ్డకట్టకుండా కాళ్లకి తొడగమని ఆస్పత్రివాళ్లు బిగుతు మేజోళ్లు ఇచ్చారు. ఎడమదాన్ని టైలరు పక్కన చీల్చి, గుడ్డ అతుకు వేసి, మళ్లీ తొడిగించాడు.

"నేనేనండీ. కుట్టు నీటుగా వచ్చింది చూడండి."

"నీటుగానా! బిగుతుగా ఉండాలనే కదా ఇచ్చింది. చొక్కా వదులు చేసినట్టు చేస్తే ఎలాగయ్యా?"

"అక్క పొద్దున్నించీ పిక్క పట్టేస్తోందంటోంది. కుడిది సరిపోయింది, ఎడమదే..."

నర్సు గొంతు తగ్గింది. "ఎడమదొక్కటేనా?"

"రెండంగుళాలు తేడా. టేపు పెట్టి చూశాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"కొలత పడకపోతే గుడ్డనే అనుమానిస్తాం గానీ, మనిషిని అనుమానించం కదండీ."

ఆమె మేజోడు తీసి చెయ్యి ఆనించింది. పిక్క వేడిగా ఉంది. "లేవకమ్మా. ఎవరూ కాలు నొక్కొద్దు" అని డాక్టరు కోసం పరుగెత్తింది.

గంటలో స్కానింగు అయింది. కాలి రక్తనాళంలో గడ్డ. అది ఊడి ఊపిరితిత్తులకి చేరితే బాలింత నిమిషాల్లో పోవచ్చన్నాడు డాక్టరు.

గడ్డ పెరగకుండా రోజూ పొట్టకి ఇంజెక్షన్ వెయ్యాలి. ఇంటికెళ్లాక వెయ్యడానికి నర్సు అతనికే నేర్పింది.

"ఆగిపోయావేం? రోజంతా సూదితోనేగా నీ పని?"

"గుడ్డ అమ్మో అనదుగా!"

"త్వరగా కానియ్‌రా, పిల్లకి పాలివ్వాలి" అంది అక్క.

ఏదో ఒక సందేహం పట్టుకుని టైలరు వారానికి మూడుసార్లు ఆస్పత్రికి, ఆ నర్సు దగ్గరికి వెళ్లేవాడు. మూడు నెలలకి మందు ఆపెయ్యమన్నారు. ఆ రోజు అడగడానికి సందేహమేదీ మిగల్లేదు. అయినా వెళ్లాడు.

"అక్క బాగుంది. నేనొచ్చింది మీకోసం."

"అక్క పంపిందా?"

"తరిమింది."

ఆమె నవ్వబోయి ఆగింది. "నేను పుట్టిన తొమ్మిదో రోజున మా అమ్మ పోయింది. కాలు లాగుతోందని రెండు రోజులు చెప్పిందట. బాలింతలకి మామూలేలే అన్నారు. నాకు పెళ్లంటే భయం లేదు. కాన్పంటేనే. రోజూ ఇక్కడే ఉంటాను, అయినా భయమే."

"పిల్లలు లేకపోతే మానె" అన్నాడు టైలరు. "మీరు ఎప్పుడు ఎక్కడ నొప్పి అన్నా, మామూలేలే అనే మాట మాత్రం నా నోట రాదు."

ఆమె చేతిలోని ట్రే బల్ల మీద పెట్టింది.

"మా నాన్నతో మాట్లాడాలి నువ్వు. డ్యూటీ ఆరింటికి అయిపోతుంది. ఉంటావా?"

అప్పటికి ఇంకా రెండు కాలేదు. టైలరు వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.