మూడో నీడ ఎత్తు

కెమెరాకు ఛార్జింగ్ పెట్టాలి. మీటరు కర్ర తేవాలి. నాలుగింటికి నీళ్ల ట్యాంకు నీడను వీడియో తీయాలి. పదో తరగతికి సరూప త్రిభుజాలు అందులోంచే చెప్పాలి. ఇంకో పని కాగితం మీద రాయలేదు: రేపు వేరే స్కూలుకు వెళ్లిపోతున్న కంప్యూటరు మేడంకు నా మనసులో మాట చెప్పాలి.

మీటరు కర్ర మర్చిపోయాను.

“లెక్కల మాస్టారికి కొలకర్రే లేదా? బాగానే ఉంది సంబడం!” అంది ఆమె, కెమెరా స్టాండు బిగిస్తూ.

“మీరే నిలబడండి. ఎత్తు తెలిస్తే చాలు. నూట అరవయ్యా?”

“నూట అరవై రెండు. తగ్గిస్తే ఊరుకోను.”

ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. మైదానంలో ఇంకెవరూ లేరు. వీపుకు చల్లగా ఏదో తగిలి తడబడ్డాను. గాలి అనుకున్నాను.

ల్యాబులో వీడియో ఆపి చూస్తే, ట్యాంకు నీడ ముందు మనుషుల నీడలు మూడు.

“స్టాండు నీడేమో,” అన్నాను.

“స్టాండుకు జడ ఉంటుందా మాస్టారూ?” ఆమె గొంతు తగ్గింది.

భయమేస్తే లెక్క చేయడం నా అలవాటు. ఆమె నీడతో పోల్చి ఆ మూడో మనిషి ఎత్తు లెక్కగట్టాను. నూట నలభై ఎనిమిది సెంటీమీటర్లు.

టీ తెచ్చిన అటెండరు బాబాయి తెర చూసి, గ్లాసులు కింద పెట్టడం మర్చిపోయాడు. “ఆ జడ, ఆ ఎత్తు మన పాత లెక్కల టీచరమ్మవే! బోర్డు అందక స్టూలెక్కి చెప్పేవారు. పోయి మూడేళ్లయింది బాబూ. నీడలు కొలవడానికి పిల్లల్ని అక్కడికే తీసుకెళ్లేవారు.”

ఫ్రేము ఫ్రేముకూ ఆ నీడ నా నీడ దగ్గరకు జరిగింది. ఆఖరి ఫ్రేములో దాని చెయ్యి నా వీపు మీద ఉంది. నేను మేడం వైపు ఒక అడుగు తూలి ఉన్నాను.

“మిమ్మల్ని తోసింది,” అంది ఆమె, నా చొక్కా చెయ్యి పట్టుకుని. “ఎందుకు?”

“మా ఇంట్లో నాకంటే ముందు చదువుకున్నవాళ్లు లేరు. చదువుకున్నవాళ్లతో ఇలాంటివి ఎలా చెప్పాలో తెలీక ఆగిపోయాను, అందుకే తోసిందేమో. మీరంటే నాకిష్టమండీ.”

ఆమె చెయ్యి తీయలేదు. “దీనికి దయ్యం సిఫార్సు కావాల్సొచ్చిందా? ఆదివారం ఇంటికి రండి, మా నాన్నతో మాట్లాడండి.”

మా పెళ్లయి ఏడాదయింది. నిన్న తరగతిలో అదే వీడియో వేస్తే నీడలు రెండే ఉన్నాయి. మూడోది ఉన్నచోట ఎండ పడుతోంది.

ఆవిడ వచ్చారనడానికి ఇక ఏ సాక్ష్యమూ లేదు. చదివిన మీరైనా ఆ పొట్టి టీచరమ్మను కాస్త గుర్తుపెట్టుకోండి.