గోడ కింద జానెడు సందు

ఆ ఊరి వేడినీటి స్నానశాల గురించి అందరూ చెప్పే కథను నేను ఏనాడూ నమ్మలేదు. ఎప్పుడో ఒక మగమనిషి అందులో మునిగి చనిపోయాడనీ, అప్పటినుంచి ఆడవాళ్ళ తొట్టిలో దిగినవాళ్ళ పాదాలను నీటి అడుగున ఒక చెయ్యి పట్టుకుంటుందనీ ఆ కథ. ఆ మనిషి ఎవరో, అది ఏ సంవత్సరమో చెప్పగలిగినవారు నాకు ఒక్కరూ తగల్లేదు. తొట్టిలో నీళ్ళు చూస్తే ఛాతీ దాకా కూడా రావు. అక్కడి పురపాలక కార్యాలయంలో పాత మరణాల పుస్తకాలన్నీ తిరగేశాను. స్నానశాలలో పోయినవాళ్ళు ఒక్కరూ లేరు. చచ్చినవాడే లేనప్పుడు చెయ్యి ఎక్కడినుంచి వస్తుందన్నది నా వాదన.

నేను బడిలో లెక్కలు చెప్తాను. సెలవుల్లో పాత కాగితాలు చదువుతాను. ఇంట్లో నన్ను ఆధారాలరావు అని పిలుస్తారు. ఆ పేరు పెట్టింది మా అక్క.

అక్క నలభై ఏళ్ళుగా కుట్టుమిషను తొక్కి బతికింది. షుగరు వల్ల ఆమె కుడిపాదం మొద్దుబారింది. అరికాల్లో సూది విరిగితే రెండు రోజుల దాకా తెలియలేదు. అది పుండయింది. "స్పర్శ తిరిగొచ్చే సూచన ఏమైనా ఉంటే ఆగుదాం. లేకపోతే సోమవారం పాదం తీసెయ్యాలి" అన్నాడు డాక్టరు. ఆ మాట విన్న దగ్గరనుంచి నాలోనూ ఏదో మొద్దుబారింది. వేళకు తినేవాణ్ణి, బడికి పోయేవాణ్ణి. ఏడుపు రాలేదు, ఆశా కలగలేదు.

ఆ నీళ్ళలో కూర్చుంటే కాళ్ళకు ప్రాణం వస్తుందని ఎవరో అక్క చెవిన వేశారు. డాక్టరుకు చెప్పకుండా శనివారం మధ్యాహ్నం బయల్దేరాం. పుండు మానిందని అక్క చెప్పింది. నేను కట్టు విప్పి చూడలేదు.

వాన పడుతోంది. స్నానశాల నడవలో పొడుగాటి బల్ల, తువ్వాళ్ళకు కొయ్య మేకులు, ఒక గోడ గడియారం. గంధకం వాసన, దాని అడుగున తడి సున్నం వాసన. ఎడమవైపు మగవాళ్ళ గది, కుడివైపు ఆడవాళ్ళది. మధ్య ఒకటే గోడ.

"1911 నాటి పటం చూశాను. నీళ్ళు అటూ ఇటూ పారడానికి ఈ గోడ అడుగున జానెడు సందు వదిలారు. నువ్వు అటువైపు దిగి, కాలు అందులోంచి ఇటు పెట్టు. నేను గిల్లి చూస్తాను" అన్నాను.

"ఎదురుగా కూర్చుని గిల్లితే నీ సొమ్మేం పోయింది?"

"నువ్వు చూస్తుంటే, తెలియకపోయినా తెలిసిందంటావు."

"కళ్ళు మూసుకుంటానురా."

"నీ సంగతి నాకు తెలీదా? రెప్పల సందులోంచి చూస్తావు."

అక్క నవ్వింది. "తోడబుట్టినవాణ్ణి తెచ్చుకున్నాననుకున్నా. ఇన్‌స్పెక్టరును తెచ్చుకున్నానన్నమాట. సరే, తెలిస్తే ఏం చెయ్యను?"

"మాట్లాడకు. కాలు వెనక్కి లాగేసుకో. అంతే."

అక్కను ఆడవాళ్ళ గది చూసుకునే స్నానాలావిడకు అప్పగించి నేను మగవాళ్ళ గదిలోకి వెళ్ళాను.

గదికి కిటికీ లేదు. ఆవిరి వెనక ఒకే ఒక్క దీపం, మసకగా. నీళ్ళు చిక్కగా, పాచిరంగులో ఉన్నాయి. మెట్లు దిగి గోడవారగా కూర్చున్నాను. ఎక్కడో పైకప్పునుంచి చుక్కలు పడుతున్నాయి. వేడికి చెవుల్లో నా గుండె చప్పుడే వినిపిస్తోంది. నీటి అడుగున చెయ్యి పెట్టి గోడ పొడవునా తడిమాను. సందు దొరికింది. పటంలో ఉన్నట్టే జానెడు. అటునుంచి వేడినీరు నా వేళ్ళ మధ్యగా పారుతోంది.

చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒక పాదం వచ్చింది.

మెల్లగా పట్టుకున్నాను. అరికాలు తడిమాను. కట్టు లేదు. పుండూ లేదు, చర్మం నున్నగా ఉంది. అక్క నిజమే చెప్పిందనుకున్నాను.

బొటనవేలు గిల్లాను. కదలలేదు.

"తెలిసిందా అక్కా?" గోడకు నోరు ఆనించి గుసగుసగా అడిగాను.

జవాబు లేదు. మాట్లాడొద్దన్నది నేనే కదా.

రెండోసారి, కాస్త గట్టిగా. వేళ్ళు ముడుచుకున్నాయి... కొద్దిగా. నీటి కదలికేమో. "తెలిసిందా అక్కా?"

ఏమీ లేదు. చుక్కలు కూడా ఆగినట్టున్నాయి.

మూడోసారి గోరు దిగేలా గిల్లాను. "తెలిసిందా..."

పాదం ఒక్క విదిలింపుతో వెనక్కి పోయింది. మడమ రాతికి తగిలిన చప్పుడు. అవతల నీళ్ళు చెల్లాచెదురైన చప్పుడు. ఎవరో మెట్లమీద పరుగెత్తారు.



డాక్టరు మాట విన్నాక మొదటిసారి నాకు ఆకలేసింది. తువ్వాలు చుట్టుకుని నడవలోకి దాదాపు పరుగెత్తాను.

"లాగేశావు! మూడోసారి లాగేశావక్కా!"

అక్క బల్లమీద కూర్చుని ఉంది. శాలువా కప్పుకుని, పొడి బట్టలతో. కుడికాలు బల్లమీదికి చాపి ఉంది. దాని కట్టు మీద పసుపుపచ్చటి చెమ్మ.

"ఎక్కడ లాగాన్రా? నన్ను లోపలికే రానివ్వలేదు. పుండు ఉన్నవాళ్ళు నలుగురి నీళ్ళలో దిగకూడదట. నీకు కేకేద్దామంటే ఈ మహాతల్లి అదీ వద్దంది." నెమ్మదిగా అడిగింది. "ఏం లాగాను?"

ఆమె ముఖంలో ఒక్క క్షణం ఆశ కనిపించింది. అది పెట్టినవాణ్ణి నేనే.

స్నానాలావిడను అడిగాను. "అటువైపు ఎవరూ లేరండి. వాన కదా, పొద్దుట్నుంచీ ఆడమనిషి ఒక్కరూ రాలేదు" అంది.

"మరి సందులోంచి..."

"సందేంటండీ? గోడ అడుగుదాకా ఉంటేనూ."

మళ్ళీ దిగాను. ఈ మూలనుంచి ఆ మూలకు రెండుసార్లు తడిమాను. రాయి. రాతిమీద పాచి. వేలి కొస దూరే చీలిక కూడా లేదు. నాకు భయం వేయలేదు. వేయాల్సిన చోట ఏమీ లేదు.

తిరుగు బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"నిజం చెప్పు. ఎవరి కాలురా అది?"

"తెలీదు."

"గిల్లితే తెలిసిందా వాళ్ళకి?"

"తెలిసింది."

"అదృష్టవంతురాలు" అంది అక్క.

సోమవారం పది గంటలకు పాదం తీసేశారు.

నాలుగో రోజు, అక్క మందుల మత్తులో నిద్రపోతున్నప్పుడు, పురపాలక కార్యాలయానికి వెళ్ళాను. అంతకుముందు నేను చూసినవి పటాలూ మరణాల పుస్తకాలే. మరమ్మతుల పుస్తకం తెరవలేదు. నా వాదనకు దానితో పనిలేదనుకున్నాను.

అక్కడ ఎవరూ చనిపోలేదన్న నా మాటే నిజమని తేలింది. స్నానశాల పద్దు కింద, నల్లసిరాతో, ఇలా ఉంది:

"1934 ఆగస్టు 11, శనివారం. ఆడవారి తొట్టిలో స్నానము చేయుచున్న ఒక స్త్రీ పాదమును గోడ క్రింది సందులోనుండి ఒక చేయి పట్టుకొని ముమ్మారు గిల్లెను. గిల్లినప్పుడెల్ల 'తెలిసిందా అక్కా' యని పురుష కంఠము అడిగెను. తక్షణమే పోయి చూడగా పురుషుల తొట్టిలో ఎవరును లేరు. సందు రాతితో మూయించిన తేదీ: 1934 ఆగస్టు 13, సోమవారం."