మోటారు గది దాటేటప్పుడు

సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఇంటికి వెళ్లాలంటే బస్సు దిగి మైలు దూరం ఇసుక దారిలో నడవాలి. మధ్యలో మోటారు గది. పొద్దుగూకాక దాని పక్కనుంచి ఎవరూ ఒంటరిగా వెళ్లరు. మోటారు బాగుచెయ్యడానికొచ్చిన మెకానిక్ ఒకడు కరెంటు కొట్టి అందులోనే పోయాడట. రాత్రిపూట లోపల ఇనుము మీద ఎవరో కొడతారట... మూడు దెబ్బలు... కాసేపాగి, మళ్లీ మూడు.

ఇదంతా మా మావగారు చెప్పగా విన్నదే. కారు నడపడం నేర్పే మాస్టారాయన. స్టీరింగ్ పట్టుకుని గజగజలాడేవాళ్లకి ధైర్యం నూరిపోయడమే ఉద్యోగం. దెయ్యం మాటెత్తితే "నా చెవిలో పువ్వులు పెట్టకు" అని కొట్టిపారేసేవారు.

ఆ వేసవిలో వాళ్లక్కగారు కొత్తగా కొన్న ఆ ఇంటికి రమ్మన్నారు. మా అత్తగారు రెండ్రోజుల ముందే వెళ్లిపోయారు. ఈయన ఎనిమిదేళ్ల కూతుర్ని తీసుకుని సాయంత్రం బస్సెక్కారు. ఆ కూతురే ఇప్పుడు మా ఆవిడ. దారిలో టైరు పంచరై, దిగేసరికి చిమ్మచీకటి.

ఒక చేతిలో సంచి. ఇంకో చేతిలో పాప చెయ్యి.

"నాన్నా, బస్సులో ముసలావిడ చెప్పిన గది... అదేనా?" పాప గుసగుసగా అడిగింది.

"గదీ లేదు, గాడిదగుడ్డూ లేదు. నేనున్నాను కదా, పద."

దగ్గరికొచ్చారు. తలుపు మూసి ఉంది. కింద సందులోంచి సన్నగా వెలుగు...

ఠంగ్... ఠంగ్... ఠంగ్.

ఆయన ఆగిపోయారు. కాసేపు సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. అప్పుడు లోపల్నుంచి ఒక గొంతు — బొంగురుగా, బతిమాలుతున్నట్టు —

"రా... రామ్మా... ఇంకొంచెం... రా..."

అంతే! చెప్పులెక్కడ ఊడిపోయాయో తెలీదు. ఇసుకలో పడుతూ, లేస్తూ, ఒకటే పరుగు. ఇంటి మెట్లెక్కి కూలబడేదాకా వెనక్కి తిరిగి చూడలేదట.

తలుపు తీసిన అత్తగారు అటూ ఇటూ చూశారు.

"పాపేదండీ?"

ఆయన తన చేతుల వైపు చూసుకున్నారు. సంచి మాత్రం చేతిలోనే ఉంది.

"వెనక్కి వెళ్లాలని తెలుసు అల్లుడూ... కాళ్లు రాలేదు. మీ అత్తగారే పరిగెత్తింది, చీకట్లో, ఒక్కతీ. నేను మెట్ల మీదే కూర్చున్నాను." ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన నా మొహం చూడలేదు.

అత్తగారు సగం దూరం వెళ్లేసరికి ఎదురుగా లాంతరు. మావగారి బావగారు, ఆ ఇంటాయన! ఒక చేతిలో రెంచి, భుజం మీద పాప.

"వీళ్లొస్తున్నారని ట్యాంకు నింపుదామనుకున్నాను. ఎప్పట్లాగే పైపులో ఇసుక అడ్డం పడింది. మూడు దెబ్బలు కొట్టడం, చెవి ఆనించి వినడం, మళ్లీ కొట్టడం. బతిమాలితే గానీ రావు, దిక్కుమాలిన నీళ్లు! లాంతరు ఆరిపోతుందని తలుపేసుకున్నా."

"మరి ఆ చచ్చిపోయిన మెకానిక్?" ఇంటికొచ్చాక మావగారు నీరసంగా అడిగారు.

"చావడమేంటయ్యా! నిక్షేపంగా ఉన్నాడు. పిలిస్తే రాడు, అంతే. వాడొస్తే నాకీ తిప్పలెందుకు?"

ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. మావగారూ నవ్వారు, ఏంచేస్తారు మరి. పాప ఒక్కతే నవ్వలేదు.

పడుకునేటప్పుడు ఆయన పాప పక్కన కూర్చుని తల నిమిరారు.

"ఆ చప్పుడికి బాగా భయమేసిందా అమ్మా?"

"చప్పుడికి వెయ్యలేదు నాన్నా," అంది పాప. "నా చెయ్యి విదిలించుకున్నావు చూడు... అప్పుడేసింది."

నెలరోజులున్నారు అక్కడ. పాప రోజూ సముద్రానికి వెళ్లింది... మామయ్య చెయ్యి పట్టుకుని.